హ్యూ మసెకెలా గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి

వచ్చే ఆదివారం మా లైబ్రరీలో దక్షిణాఫ్రికా జాజ్ ట్రంపెట్ కళాకారుడు హ్యూ మసెకెలా గురించి పది నిమిషాలు మాట్లాడతానని ఒప్పేసుకున్నాను. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

ఆయన 1939లో పుట్టారు. మసెకెలా స్కూల్లో చదువుతుండగా, వర్ణవివక్షను ఎదిరించిన ఫాదర్ ట్రెవర్ హడిల్‌స్టన్ ఆయనకి ట్రంపెట్ ఇప్పించారు. తర్వాత ఆ స్కూలు కుర్రాళ్ల బ్యాండ్‌కి సాక్షాత్తు జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా నుంచి ఇంకో ట్రంపెట్ పంపారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది! 1960లో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో వర్ణవివక్ష చట్టాలపై నిరసన తెలుపుతున్న 69 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఆ ఏడాదే మసెకెలా దేశం వదిలారు. తిరిగొచ్చింది 1990లో, మండేలా విడుదలయ్యాక.

నా ఇబ్బంది 'స్టిమెలా' పాటతో. జొహానెస్‌బర్గ్ గనుల్లోకి కూలీలను మోసుకొచ్చే బొగ్గు రైలు కథ అది. ఇంగ్లీషు మాటలు అర్థమయ్యాయి కానీ, మధ్యలో వచ్చే జులూ (దక్షిణాఫ్రికాలోని ఒక భాష) మాటలు బోధపడలేదు. జొహానెస్‌బర్గ్‌లోనో డర్బన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లెవరైనా వాటి భావం చెప్పగలరా? జాజ్ అసలు వినని పెద్దవాళ్లకి ముందుగా ఏ పాట వినిపిస్తే బాగుంటుంది? శుక్రవారంలోపు చెబితే రాసుకుంటాను.