సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) పైస్థాయి స్వరాల్లో అపస్వరం పలుకుతోంది, ఏం చేయాలి?

కూకట్‌పల్లి నుంచి:
వీసీవీ ర్యాక్ (కంప్యూటర్‌లో నడిచే మాడ్యులర్ సింథసైజర్) కోసం ఆసిలేటర్ మాడ్యూల్, అంటే స్వరం పుట్టించే భాగం, రాస్తున్నాను. కింది స్వరాల్లో సా వేవ్ బాగుంది, పైకి వెళ్తే వెనకాల ఇంకో స్వరం వినిపిస్తోంది, పిచ్ పెంచుతుంటే అది కిందికి దిగుతోంది! శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 48000 శాంపిళ్లు. ఫిల్టర్ పెట్టినా పోవట్లేదు. హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవాళ్లుంటే చెప్పండన్నా.

తార్నాక నుంచి:
అది ఏలియాసింగ్ తమ్ముడూ. 5000 హెర్ట్జ్ సా తీసుకో, తొమ్మిదో హార్మోనిక్ (అసలు స్వరానికి తొమ్మిది రెట్ల ఫ్రీక్వెన్సీ) 45000 దగ్గర ఉండాలి, కానీ శాంపిల్ రేటులో సగం, అంటే 24000 దాటింది మడతపడి వెనక్కొస్తుంది కాబట్టి అది 3000 దగ్గర తేలుతుంది, అంటే నువ్వు వాయించే స్వరం కన్నా కిందే. అలా కలిసిపోయాక మామూలు ఫిల్టర్‌తో విడదీయలేం. పాలీబ్లెప్ వాడు, అది తరంగంలోని దూకుడుని నున్నగా చేసే పద్ధతి. ఫేజ్ (తరంగం ఒక చుట్టులో ఎంతవరకు వచ్చిందో చెప్పే సంఖ్య) 1 నుంచి 0కి దూకే చోట అటొక శాంపిల్, ఇటొక శాంపిల్ మాత్రమే సరిచేస్తుంది, సీపీయూకి బరువు కాదు. పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. హార్డ్ సింక్ (ఇంకో ఆసిలేటర్ చుట్టు పూర్తయినప్పుడల్లా దీన్ని మొదటికి రీసెట్ చేయడం) పెడితే మాత్రం రీసెట్ రెండు శాంపిళ్ల మధ్య సరిగ్గా ఎక్కడ జరిగిందో లెక్కగట్టాలి, అసలు కష్టం అక్కడే.

కూకట్‌పల్లి నుంచి:
థాంక్స్ అన్నా. డిస్టార్షన్‌కీ ఇదేనా?

మణికొండ నుంచి:
కాదండీ. అక్కడ ఓవర్‌శాంపిలింగ్ చేయండి, 4 రెట్ల రేటులో నడిపి, ఫిల్టర్ చేసి, మళ్లీ తగ్గించాలి. డిస్టార్షన్‌ని ఫీడ్‌బ్యాక్ లూప్‌లో (అవుట్‌పుట్‌ని మళ్లీ ఇన్‌పుట్‌కి పంపే చోట) పెట్టేటట్లయితే లూప్ మొత్తాన్నీ ఆ రేటులోనే నడపండి, లేకపోతే ఆ ఫిల్టర్ల ఆలస్యం లూప్ ట్యూనింగ్‌ని పాడుచేస్తుంది.