బెంగళూరులో ఉండగానే అమ్మాయికి లాక్రోస్ మొదలుపెట్టించాలా, అక్కడికి వెళ్ళాక చూసుకోవాలా?

వైట్‌ఫీల్డ్ అమ్మ

మావారికి అమెరికాలోని బాల్టిమోర్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. జూలైలో అందరం వెళ్తున్నాం. అమ్మాయికి 14 ఏళ్ళు, అక్కడ తొమ్మిదో తరగతిలో చేరాలి. ఇక్కడ స్కూల్ టీమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. చేరబోయే స్కూల్లో లాక్రోస్ (చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట) టీమ్ ఉందని తెలిసినప్పటి నుంచి దానికి అదే ధ్యాస. రాత్రి పడుకోబోయే ముందు కూడా వీడియోలే.

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. ఇప్పుడే స్టిక్ కొనిచ్చి ఎవరి దగ్గరైనా కోచింగ్ పెట్టిద్దామని మావారు. ఊరు మారడం, స్కూల్ మారడం చాలదా, మళ్ళీ ఈ కొత్త ఆట ఎందుకని మా అత్తగారు. అక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచే ఆడుతుంటారట. ఏమీ రాకుండా వెళ్తే మొదటి రోజే పిల్ల మనసు విరిగిపోతుందేమోనని నా టెన్షన్. నాలుగు నెలలున్నాయి. ఏం చెయ్యమంటారు?

మారతహళ్ళి మిత్ర

మేము బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రంలోనే ఉండి వచ్చాం. నా మాట వింటే ఇప్పుడేమీ మొదలుపెట్టకండి. అక్కడ హైస్కూల్ లాక్రోస్ వసంతకాలంలో, అంటే మార్చి నుంచి మే దాకా. మీరు జూలైలో దిగితే సెలక్షన్స్‌కి ఇంకా ఏడు నెలలుంటుంది. ఆ రాష్ట్రం 2004లో లాక్రోస్‌ని తన అధికారిక టీమ్ క్రీడగా ప్రకటించుకుంది. అమెరికాలో అమ్మాయిల లాక్రోస్ మొదలైంది కూడా బాల్టిమోర్‌లోనే, 1926లో బ్రిన్ మార్ స్కూల్లో. అంత చరిత్ర ఉన్న చోటికి వెళ్తూ ఇక్కడ దొరకని కోచ్ కోసం వెతకడం దేనికి? మెయిన్ టీమ్ కింద జేవీ అని రెండో టీమ్ ఉంటుంది. కొత్తగా వచ్చినా కాళ్ళు చురుగ్గా ఉన్న పిల్లని కోచ్‌లు అందులోకి తీసుకుంటారు.

మీ అత్తగారి మాటా తీసిపారేయకండి. అమ్మమ్మ ఇల్లు, స్నేహితులు, ఈ ఊరు అన్నీ వదిలి వెళ్తోంది. ఈ నాలుగు నెలలు దాన్ని తనివితీరా ఇక్కడ ఉండనివ్వండి.

ఎడమచేతి వాటం

మిత్ర గారితో నేను ఏకీభవించను. నేను అక్కడ ఎమ్మెస్ చేస్తున్నప్పుడు కాలేజీ క్లబ్‌లో లాక్రోస్ మొదలుపెట్టాను. ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కాబట్టి పరుగుకి, ఊపిరికి లోటు రాలేదు. లోటు వచ్చిందల్లా చేతులకే. ఈ ఆటలో రెండు చేతులతోనూ సమానంగా పాస్ వెయ్యాలి, పట్టాలి. ఒక్క కుడి చెయ్యే ఆడుతోందని ఎదుటివాళ్ళకి తెలిసిందంటే అటువైపే కమ్ముకుంటారు. రెండో చేతికి పని అలవాటు కావడానికి నెలలు పడుతుంది. కోచ్ అక్కర్లేదు. స్టిక్, బంతి, గోడ చాలు.

గోడకి నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడాలి. కింది చెయ్యి స్టిక్ చివర గట్టిగా, పై చెయ్యి మధ్యలో వదులుగా. విసిరేటప్పుడు పై చెయ్యి ముందుకి తోస్తుంది, కింది చెయ్యి తనవైపు లాగుతుంది. కష్టమంతా తిరిగొచ్చే బంతిని పట్టడంలో ఉంది. కొత్తవాళ్ళు వలని బంతికి ఎదురు తీసుకెళ్తారు, అది ఠక్కున తగిలి బయటికి ఎగురుతుంది. వలని చెవి పక్కన నిలబెట్టి, బంతి తాకే క్షణంలో వెనక్కి తియ్యాలి, పైనుంచి పడే కోడిగుడ్డుని పట్టుకున్నట్టు. కుడి చేత్తో ఎంతసేపు ఆడితే ఎడమ చేత్తోనూ అంతసేపు. మొదటి వారంలో ఎడమ చేతి బంతులన్నీ కారు పార్కింగ్‌లోకే దొర్లుతాయి, అయినా ఆపకూడదు.

కొనేముందు ఒక మాట. అమ్మాయిల స్టిక్, అబ్బాయిల స్టిక్ వేరు. అబ్బాయిల వల లోతుగా ఉంటుంది. అమ్మాయిల ఆటలో వలలో ఉన్న బంతి పైభాగం పక్క అంచు మీదుగా కనబడాలి, లేదంటే రిఫరీ ఆ స్టిక్‌ని పక్కన పెట్టిస్తాడు. లోతైన వలతో అలవాటు పడితే అక్కడ మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించుకునేటప్పుడు అమ్మాయిలదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బంతికి మాత్రం తిప్పలు లేవు. కండరాల నొప్పులకి ఫిజియోథెరపీలో వాడే గట్టి రబ్బరు బంతిని ఇక్కడ లాక్రోస్ బాల్ పేరుతోనే అమ్ముతారు. అసలు బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. దానికి దగ్గరగా ఉంటే గోడకి పనికొస్తుంది.

శాంతినగర్ హాకీ

తమ్ముడు చెప్పింది చేతుల గురించి. నేను ఆడపిల్లలకి హాకీ నేర్పిస్తాను కాబట్టి మోకాళ్ళ గురించి చెప్తాను.

అదే ఆట ఆడే అబ్బాయిల కన్నా అమ్మాయిలకి మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం ఎక్కువ. అదీ ఎవరో వచ్చి గుద్దినప్పుడే కాదు. పరుగులో చటుక్కున ఆగినప్పుడు, దిశ మార్చినప్పుడు, ఎగిరి దిగినప్పుడు. లాక్రోస్ నిండా ఇవే ఉన్నాయి. తెగిందంటే ఆపరేషన్, మళ్ళీ ఆడటానికి తొమ్మిది నెలలో, ఏడాదో.

ఈ రోజే ఇంట్లో ఒక పని చెయ్యండమ్మా. పాపని మోకాలెత్తు పీట మీద నుంచి కిందికి దిగీదిగగానే పైకి ఎగరమనండి. ఎదురుగా నిలబడి మోకాళ్ళు చూడండి. పాదాల వేళ్ళ దిక్కుగా వంగితే మంచిదే. రెండూ లోపలికి వాలి దగ్గరకొస్తుంటే మాత్రం స్టిక్ పక్కన పెట్టి తొడలు, పిరుదులు, నడుము గట్టిపడే వ్యాయామాలు చేయించాలి. ఫుట్‌బాల్ వాళ్ళ ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, దాదాపు 20 నిమిషాలు పడుతుంది, ఉచితంగా దొరుకుతుంది. దానితో గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఒంటికాలి మీద నిలబడటం, పక్కకి గెంతి కదలకుండా ఆగడం, ఒద్దికగా దిగడం, అన్నీ అందులో ఉన్నాయి. పరుగుకి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ కాంక్రీటు వద్దు. కబ్బన్ పార్కు మట్టి బాటలు ఉండనే ఉన్నాయి.

స్టిక్ పని ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. కాలు పోతే సీజన్ పోతుంది.

ఎడమచేతి వాటం

గురువుగారూ, మీ వార్మప్‌కి 20 నిమిషాలు, నా గోడకి 20 నిమిషాలు. ఒకటి కావాలంటే రెండోది ఎందుకు మానాలి? రెండూ కలిపినా స్కూల్ నుంచి వచ్చి టిఫిన్ తిన్నాక చీకటి పడేలోపు అయిపోతాయి.

శాంతినగర్ హాకీ

కాగితం మీద అయిపోతాయి తమ్ముడూ. ఆ పిల్లకి బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ ఉంది, పరీక్షలున్నాయి, ఇల్లు ఖాళీ చేసే హడావుడి ఉంది. రెండిట్లో ఒకటి మానెయ్యాల్సి వచ్చిన రోజున పిల్లలు వార్మప్పే మానేస్తారు. ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. అందుకే మొదటి నెల స్టిక్ ఇంట్లోకే రానివ్వకండి అంటున్నాను.

కేఆర్ పురం నాన్న

ఇంతమంది ఇంత రాస్తున్నారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ ఆట మనవాళ్ళకి ఎందుకు పనికొస్తుంది? అక్కడ తొమ్మిదో తరగతి మార్కుల నుంచీ కాలేజీ అప్లికేషన్‌లోకి వెళ్తాయి. ఈ నాలుగు నెలలు లెక్కలు, ఇంగ్లిష్ రాత మీద పెడితే మంచిది. కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందనే ఆశతోనైతే అసలే వద్దు. అక్కడ కాలేజీ క్రీడల్లో మూడు డివిజన్లుంటాయి. డివిజన్ 3 కాలేజీలూ, హార్వర్డ్ లాంటివి ఉన్న ఐవీ లీగూ ఆట పేరుతో స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. డివిజన్ 1, 2లో ఇచ్చినా చాలామందికి ఫీజులో కొంత భాగమే.

మల్లేశ్వరం మాస్టారు

స్కాలర్‌షిప్ సంగతి మీరు చెప్పింది నిజమే. ఎందుకు పనికొస్తుందన్న దగ్గరే నాకు బాధ కలిగింది. ఇది ఉత్తర అమెరికా మూలవాసులైన హోదెనోషోనీ ప్రజల ఆట. యూరోపియన్లు ఆ గడ్డ మీద కాలు పెట్టక ముందు నుంచీ ఆడుతున్నారు. సృష్టికర్త ఇచ్చిన ఆట అని వాళ్ళ నమ్మకం. అంతర్జాతీయ పోటీల్లో ఈనాటికీ తమ జాతి పేరుతోనే, తమ జెండాతోనే దిగుతారు. 1904, 1908 ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా ఉండి తర్వాత పోయింది. 2028 లాస్ ఏంజెలిస్‌కి జట్టుకి ఆరుగురి ఆటగా తిరిగి వస్తోంది. ఆ నిర్ణయం 2023 అక్టోబరులో మన ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే జరిగింది, క్రికెట్‌తో కలిపి. పాప వీడియోలు చూస్తోందన్నారుగా, ఈ చరిత్ర కూడా చదివించండి. ఎవరి నేల మీద ఎవరి ఆట ఆడబోతోందో తెలిసి ఆడాలి.

ఇందిరానగర్ పాయింట్ గార్డ్

ఆంటీ, నేను కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడతాను. మా కజిన్ వర్జీనియాలో లాక్రోస్ ఆడుతుంది కాబట్టి దాని మ్యాచ్‌లు లైవ్‌లో చూస్తుంటాను. మీ అమ్మాయి సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. మనిషికి మనిషిని కాపు కాయడం, స్క్రీన్ పెట్టడం (మన టీమ్ అమ్మాయికి దారి దొరికేలా ఎదుటి డిఫెండర్‌కి అడ్డు నిలబడటం), బంతి దొరకగానే ఎదురుదాడికి ఉరకడం అన్నీ మనవే. ఆట మొదలు పెట్టే 'డ్రా' కూడా జంప్ బాల్ లాంటిదే. ఇద్దరి స్టిక్కుల మధ్య బంతి పెడితే ఒక్కసారిగా పైకి లాగుతారు, గాల్లోకి లేచిన దానికోసం దగ్గరున్నవాళ్ళంతా పోటీ. ఎగరడం, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం తెలిసిన పిల్లకి అక్కడ పని దొరుకుతుంది.

ఒక్క అలవాటు మాత్రం ఇప్పుడే మాన్పించండి. బాస్కెట్‌బాల్‌లో బుట్టకి, షూటర్‌కి మధ్యలోకి వచ్చి అడ్డు నిలబడటం గొప్ప డిఫెన్స్. అమ్మాయిల లాక్రోస్‌లో ఎవరినీ దగ్గరగా కాపు కాయకుండా షూటర్‌కి, గోల్‌కి మధ్య దారిలో నిలబడితే ఫౌల్, ఎందుకంటే ఆ బంతి నేరుగా మొహానికే వస్తుంది. గోల్ ముందు 8 మీటర్ల ఆర్క్ (వంపు గీత) గీసి ఉంటుంది. అందులో ఎవరినీ స్టిక్ దూరంలో కాపు కాయకుండా 3 సెకన్లు దాటి ఉన్నా ఫౌలే. మా కజిన్ మొదటి సీజన్లో పడిన తిట్లన్నీ ఈ రెండింటి గురించే. వీడియోలు ఎలాగూ చూస్తోందిగా, గోల్స్ కాకుండా డిఫెండర్లు ఎక్కడ నిలబడుతున్నారో చూడమనండి.

జయనగర్ డాక్టరమ్మ

ఏ పక్షం గెలిచినా ముందు హిమోగ్లోబిన్ చూపించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ వయసులో 12 కన్నా తక్కువుంటే పరుగులో ఊపిరి అందదు. పిల్ల బద్ధకిస్తోందని తిడతాం కానీ అది బద్ధకం కాదు. మందు వేసుకుంటే నెలల్లో సరిదిద్దుకోవచ్చు, కాబట్టి ఇప్పుడే చూపించడం మేలు.

అమ్మాయిల ఆటలో ఒంటితో గుద్దడం నిషేధం, అందుకే గోల్‌కీపర్‌కి తప్ప అబ్బాయిల్లాగా హెల్మెట్, భుజాల ప్యాడ్లు ఉండవు. కళ్ళకి గాగుల్స్, నోట్లో మౌత్‌గార్డ్ తప్పనిసరి. గోడ దగ్గర ఆడినా, నాన్నతో పాస్‌లు వేసుకున్నా గాగుల్స్ తియ్యనివ్వకండి. ఆ బంతి మన క్రికెట్ బంతి కన్నా ఓ పది పదిహేను గ్రాములే తక్కువ. తలకి దెబ్బ తగిలి తికమకగా, తల తిరిగినట్టుగా ఉంటే ఆ రోజుకి ఆట బంద్. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి చట్టాలున్నాయి. డాక్టరు రాసిస్తే తప్ప మళ్ళీ దింపరు. టీమ్‌లో చోటు పోతుందని దాచెయ్యకూడదని అమ్మాయికి ఇక్కడే గట్టిగా చెప్పి తీసుకెళ్ళండి.

వైట్‌ఫీల్డ్ అమ్మ

అందరికీ నమస్కారం. పీట పరీక్ష చేశాం. ఎడమ మోకాలు లోపలికి వాలుతోంది, నాకే స్పష్టంగా కనబడింది. శాంతినగర్ గారూ, వార్మప్ రేపటి నుంచే మొదలు, నేనూ పక్కన నిలబడి చేస్తాను. స్టిక్ ఆర్డర్ ఇచ్చేశాం, అమ్మాయిలదే. నెల రోజులు ఆగమన్న మీ మాట మావారు వినలేదు, నాకూ పిల్ల మొహం చూసి కాదనబుద్ధి కాలేదు. వార్మప్ చెయ్యని రోజు స్టిక్ ముట్టుకోకూడదని మాత్రం షరతు పెట్టాను. గోడ కోసం అసోసియేషన్ వాళ్ళని అడిగితే క్లబ్‌హౌస్ వెనక జనరేటర్ గది గోడ ఇచ్చారు, సాయంత్రం ఆరు దాకా. కోచింగ్ ఆలోచన మానుకున్నాం. అత్తగారికి మిత్ర గారి మాటలు చదివి వినిపిస్తే చాలా సంతోషించారు. ఆదివారాలు మాత్రం పూర్తిగా ఆవిడకే.

డాక్టర్ గారూ, అమ్మాయికి పళ్ళకి క్లిప్పులున్నాయి, ఇంకో ఏడాది ఉంటాయట. మౌత్‌గార్డ్ ఎలా పెట్టాలి?

జయనగర్ డాక్టరమ్మ

వేడినీళ్ళలో ముంచి కొరికి పళ్ళ అచ్చుకి సరిచేసుకునే మామూలు రకం వద్దమ్మా. పళ్ళు కదులుతూ ఉంటాయి కాబట్టి ఆ అచ్చు కొన్నాళ్ళకే బిగుతవుతుంది, మెత్తబడ్డప్పుడు తీగల్లో ఇరుక్కుంటుంది కూడా. క్లిప్పుల మీద పెట్టుకునే సిలికాన్ రకం వేరే దొరుకుతుంది. వెళ్ళేముందు మీ క్లిప్పుల డాక్టర్‌ని ఒకసారి కలిసి ఏది సరిపోతుందో అడగండి, ఎక్స్‌రేలు, రికార్డులు కూడా అప్పుడే తీసేసుకోండి. అక్కడి డాక్టరు మొదట అవే అడుగుతారు.