రాత్రి 200 బార్, తెల్లారేసరికి 150... ఏ ఎయిర్ రైఫిల్ నమ్మకంగా ఉంటుంది?

అందరికీ నమస్కారం అండి, మాది పర్లాకిమిడి. మా చెల్లి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తది, రోజుకి 80 షాట్లు, .177 క్యాలిబర్ పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపి కాల్చే రకం), రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం (కంపెనీ పేరు వద్దులెండి). జూన్‌లో వానలు పడ్డప్పట్నుంచి రాత్రి 200 బార్ ప్రెషర్‌కి గాలి నింపి పెడితే పొద్దున్నకి 150కి దిగిపోతోంది. సిలిండర్ విప్పి పక్కన పెడితే ప్రెషర్ కదల్లేదు, అంటే లీకు రైఫిల్ లోపలే. ఓ-రింగులు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు సీల్స్) రెండుసార్లు మార్చాం, సిలికాన్ గ్రీజు రాశాం, పెల్లెట్లు కూడా మార్చి చూశాం, అయినా మొదటి పది షాట్లు బానే పడి తర్వాత గుండ్లు కిందికి జారుతున్నాయి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే కదా, పిల్ల తప్పు తనదే అనుకుని ఏడుస్తోంది, చూడలేకపోతున్నాం.

ఇక వేరేది కొందామని వాల్తర్ ఎల్‌జీ400, ఫైన్‌వెర్క్‌బావ్ 800 చూస్తున్నాం. అమ్మేవాళ్లు ఎవరిది వాళ్లు గొప్పే అంటారు, మాకు దగ్గర్లో రిపేర్ చేసేవాళ్లు లేరు.

ఈ రెండిట్లో ఏదైనా మన తేమ వాతావరణంలో రెండుమూడేళ్లు రోజూ వాడినవాళ్లుంటే, మొదటిసారి సీల్స్ ఎన్ని నెలలకి మార్చాల్సొచ్చిందో చెప్తారా?