ఓటిస్ రెడ్డింగ్ పాట వింటే గొంతు ఎందుకు పూడుకుపోతుంది?

రాత్రిబస్సు:
ఓటిస్ రెడ్డింగ్ అనే 1960ల అమెరికన్ నల్లజాతి గాయకుడి పాత సోల్ పాటలు వినేవాళ్ళు ఇక్కడ కొందరున్నారని అడుగుతున్నా. ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’లో నాకు సగం మాటలు అర్థం కావు. అయినా చివరికొచ్చేసరికి ఏదో అయిపోతుంది. ఇది గొంతు మహిమా, వాయిద్యాల మహిమా? తర్వాత ఏ ఆల్బమ్ వినాలి? యాప్‌లో మోనో అని ఒకటి, స్టీరియో అని ఒకటి కనబడుతున్నాయి, ఏది మంచిది? పన్లో పని, రెండువేల లోపు ఇయర్‌ఫోన్స్ ఏవైనా చెప్పండి.

డ్రమ్ముల_దాసు:
గొంతు గొంతు అంటారు అందరూ. ఆ పాటలో మిమ్మల్ని పట్టి లాగేది డ్రమ్మర్ అల్ జాక్సన్ జూనియర్. మొదట హారన్లు, అంటే ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి ఊదే వాయిద్యాలు, మెల్లగా వస్తాయి, ఓటిస్ దాదాపు మాట్లాడుతున్నట్టే మొదలుపెడతాడు. కాసేపటికి డ్రమ్ము అంచు మీద టిక్ టిక్ టిక్ అని గోడ గడియారంలా ఒక చప్పుడు. పాట ఇంకా నెమ్మదిగానే ఉంటుంది, కానీ పరిగెత్తబోతోందని ఒంటికి ముందే తెలిసిపోతుంది. చివర్లో ఆయన అంత పొంగిపోవడానికి దారి వేసింది ఈ టిక్ టిక్కే. నేను పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ఏళ్ళ తరబడి వాయించినవాణ్ణి. సింగర్‌కి శాలువా, మాకు చివరి బంతిలో భోజనం. డ్రమ్మర్ పేరు అడిగినోడు ఒక్కడు లేడు. ఆ పేరు రాసి పెట్టుకోండి.

సరిగమ_శారద:
ఇంతగా చెప్తున్నారు కదా అని ఆ పాట విన్నాను. శ్రుతి శుద్ధి లేదు. గాట గాట గాట అంటూ ఒకే ముక్క పట్టుకుని సాగదీస్తాడు. ఆర్తి వేరు, అరుపు వేరు. పిల్లలకి సంగీతం చెప్పేదాన్ని, ఆ మాత్రం తేడా నాకు తెలుస్తుంది.

మాకన్_మామ:
మేం అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఉంటాం. ఇక్కడ మనవాళ్ళు వీకెండ్ వస్తే గుడికో, ఔట్‌లెట్ మాల్‌కో బయల్దేరతారు. దక్షిణంగా రెండు గంటలు పోతే మాకన్ ఉందని చెప్తే అక్కడేముంది అంటారు. ఓక్‌మల్గీ నది పక్కన గేట్‌వే పార్కులో ఓటిస్ విగ్రహం ఉంది, 2002లో పెట్టారు. పుట్టింది డాసన్‌లో, 1941లో. పెరిగిందంతా మాకనే. వాళ్ళ నాన్న ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో పనిచేస్తూ చర్చిలో వాక్యం చెప్పేవాడు. రాక్ అండ్ రోల్ పాడిన లిటిల్ రిచర్డ్‌ది కూడా ఇదే ఊరు. మొన్న మా అల్లుణ్ణి తీసుకెళ్తే విగ్రహం ముందు నిలబడి పార్కింగ్ ఫ్రీయేనా అని అడిగాడు.

తిశ్రం:
శారద గారూ, ‘ఐవ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’కి చేత్తో తాళం వేస్తూ వినండి. 12/8, అంటే మన లెక్కలో తిశ్ర నడక. గిటారు దెబ్బకి మూడు స్వరాల చొప్పున విడదీసి మీటుతుంటుంది. ఓటిస్ దెబ్బ మీద దిగడు, ఒక్క రవ్వ ఆగి దిగుతాడు. ఆ ఆగడంలోనే ఉంది బాధంతా. అనాగత ఎడుపు అని మీరే చెప్తారు కదా పిల్లలకి.

సరిగమ_శారద:
అనాగతం అంటే తాళం దెబ్బ పడ్డాక పల్లవి ఎత్తుకునే చోటు. ముందే స్థిరపడి ఉంటుంది, ప్రతి ఆవర్తంలోనూ అక్కడికే రావాలి. పాడేవాడికి ఇష్టమొచ్చినప్పుడు ఆలస్యంగా రావడాన్ని అనాగతం అనరు. శాస్త్రం పేరు పెట్టి దేన్నైనా గొప్ప చెయ్యొద్దు.

తిశ్రం:
సరే, పేరు తీసేద్దాం. లయ తప్పాడా లేదా? అది చెప్పండి.

సరిగమ_శారద:
లయ తప్పలేదు. శ్రుతి గురించి అడిగితే లయ గురించి జవాబు చెప్తున్నారు.

గోదారిగట్టు:
గొంతులో జీర ఉంటే శ్రుతి లేనట్టేనా అండీ? హరికథ చెప్పేవాళ్ళ గొంతు తెల్లవారేసరికి ఏమయ్యేదో చూసినవాళ్ళం. ఆ బొంగురు గొంతుతోనే చంద్రమతి ఏడుపు పాడితే ముసలమ్మలంతా కొంగులు నోట్లో కుక్కుకునేవారు.

కాయర్_కిరణ్:
ఇంతమంది మాట్లాడారు, చర్చి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఆ పాటలు పుట్టిందే అక్కడ. పాస్టర్ గారు ఒక మాట అంటే సంఘమంతా బదులు పలకడం, మళ్ళీ ఆయన ఇంకాస్త పైకెత్తడం. మా గుంటూరు చర్చిలో కాయర్‌లో పాడేవాడిగా ఆ పట్టు నాకు ఒంటబట్టిన సంగతి. ఓటిస్ రికార్డుల్లో గమనించండి, వెనక కోరస్ పాడేవాళ్ళు దాదాపు ఉండరు. ఆ బదులు పలికేది హారన్లే. వేన్ జాక్సన్ ట్రంపెట్, ఆండ్రూ లవ్ శాక్సఫోన్. వాళ్ళు ఏం వాయించాలో ఓటిస్ నోటితో పాడి చూపించేవాడు, కాగితం మీద రాసిచ్చేది లేదు. అందుకే అవి మనుషులు మాట్లాడినట్టే ఉంటాయి. శారద గారు గాట గాట అని తీసిపారేసింది కూడా అదే, జవాబు వచ్చేదాకా వదలకుండా అడగడం.

రికార్డుల_రమణ:
మోనోనా స్టీరియోనా అని అడిగితే హరికథలు చెప్తున్నారు. నేను చెప్తా, ఎందుకంటే ఇక్కడ ఒరిజినల్ వోల్ట్ ప్రెస్సింగ్, అంటే వోల్ట్ కంపెనీ అప్పట్లో అచ్చేసిన రికార్డు, చేతిలో ఉన్నది బహుశా నాకొక్కడికే. ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్ 1965 జులైలో మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో ఒక రాత్రీ పగలూ కూర్చుని దాదాపు మొత్తం లాగించేశారు. అందులోని ‘ఐవ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’ సింగిల్ (విడిగా వచ్చిన పాట) మాత్రం అంతకుముందే, ఏప్రిల్‌లో, మోనోలో అయిపోయింది. స్టీరియో ఆల్బమ్ కోసం జులైలో మళ్ళీ కొత్తగా పాడాడు. అంటే ఆ రెండూ ఒకే పాటకి రెండు మిక్సులు కావు, పాడటమే రెండుసార్లు. సింగిలే అసలైనది. స్టీరియో వినేవాళ్ళు ఓటిస్‌ని విన్నట్టు కాదు.

వరంగల్_వినోద్:
అన్నా, బస్సుల పోతూ ఫోన్ల వినేటోనికి వోల్ట్ ప్రెస్సింగ్ ముచ్చట్లేంది? ఏది దొరికితే అది వింటడు. పాడింది ఒక్కడే గద.

రికార్డుల_రమణ:
ఒక్కడే పాడాడు, రెండుసార్లు పాడాడు. చదివి రాయండి.

వరంగల్_వినోద్:
చదివిన అన్నా. రెండుసార్లు పాడింది ఓటిసే అయితే స్టీరియో ఇన్నోడు ఓటిస్‌ను ఇననట్టు ఎట్లైతది? నీ మాటకు నువ్వే అడ్డం పడ్తున్నవ్.

జేజీ_తమ్ముడు:
నాకు ఓటిస్ తెలిసిందే ర్యాపర్లు జే-జీ, కాన్యే 2011లో చేసిన ‘ఓటిస్’తో. ఆ టెండర్‌నెస్ ముక్కనే కోసి బీట్ కట్టారు. మీరంతా దాని గురించి ఎందుకు మాట్లాడరు?

రికార్డుల_రమణ:
అందుకే.

అరీథా_అభిమాని:
‘రెస్పెక్ట్’ పాట పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తకపోవడం చూస్తే ఇక్కడ మగవాళ్ళే ఎక్కువని అర్థమవుతోంది. రాసింది ఓటిసే, 1965లో ‘ఓటిస్ బ్లూ’లోనే ఉంది. పని చేసి డబ్బు తెచ్చి ఇంటికొచ్చిన మగాడు నాకు మర్యాద ఇవ్వు అంటాడు. గాయని అరీథా ఫ్రాంక్లిన్ 1967లో అదే పాటని ఆడదాని నోట పెట్టింది. రెస్పెక్ట్ అన్న మాటలో అక్షరాలు ఒక్కొక్కటీ విడదీసి పలకడం ఓటిస్ పాటలో లేనే లేదు, అది ఆవిడ చేర్చింది. దేశమంతా మొదటి స్థానానికి వెళ్ళింది ఆవిడదే. మాంటెరే పాప్ ఫెస్టివల్లో ఓటిస్ స్వయంగా స్టేజి మీద నవ్వుతూ, ఓ అమ్మాయి నా పాట లాగేసుకుంది అన్నాడు. ఆయనే ఒప్పుకున్నాక మీరెవరు కాదనడానికి?

డ్రమ్ముల_దాసు:
ఎవరూ కాదనలేదు కదమ్మా.

అరీథా_అభిమాని:
అమ్మా అనకండి.

మాకన్_మామ:
మెంఫిస్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. స్టాక్స్ స్టూడియో ఒకప్పుడు సినిమా హాలు, కాపిటల్ థియేటర్. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే ఉంచేశారు. మిఠాయిలు అమ్మే చోట స్టాక్స్ యజమానుల్లో ఒకరైన ఎస్టెల్ ఆక్స్‌టన్ రికార్డుల కొట్టు పెట్టింది. వీధిలో పిల్లలు ఏ పాటకి కాళ్ళు కదుపుతున్నారో ఆ కొట్లోనే తెలిసిపోయేది. పాత భవనం 1989లో కూల్చేశారు, అదే చోట మ్యూజియం కట్టి 2003లో తెరిచారు. లోపలికి వెళ్ళగానే మిసిసిపీ నుంచి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన చిన్న చెక్క చర్చి ఉంటుంది. కిరణ్ తమ్ముడూ, నువ్వు చెప్పిందానికి సాక్ష్యం అక్కడుంది. స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్ కాడిలాక్ కారు కూడా ఉంది, మా అల్లుడు దానితోనే ఫోటో దిగాడు.

కాయర్_కిరణ్:
ఇంకో సంగతి మామా. ఆ స్టూడియోలో ఓటిస్ వెనక వాయించినవాళ్ళలో గిటార్ స్టీవ్ క్రాపర్, బేస్ డక్ డన్ తెల్లవాళ్ళు. ఆర్గన్ బుకర్ టీ, డ్రమ్స్ అల్ జాక్సన్ నల్లవాళ్ళు. 1960ల మెంఫిస్‌లో ఆ నలుగురూ బయట ఒక హోటల్లో కలిసి కూర్చుని తినడమే గొడవ. లోపల మాత్రం ఒకే మైకుల మధ్య, ఒకరి కళ్ళు ఒకరు చూసుకుంటూ వాయించారు. ఆ వేడి రికార్డులో తెలుస్తుంది.

జేజీ_తమ్ముడు:
‘డాక్ ఆఫ్ ద బే’ చివర్లో ఈల ఎందుకు వేస్తాడు? మిగతా పాటల్లా అరవడెందుకు?

గోదారిగట్టు:
1967లో గొంతుకి ఆపరేషన్ అయింది బాబూ. కొన్నాళ్ళు మాట్లాడొద్దన్నారు. తర్వాత నవంబర్‌లో స్టూడియోకి వచ్చి వరసగా బోలెడు పాడాడు, ఇది అందులోదే. డిసెంబర్ 10న విస్కాన్సిన్‌లో మొనోనా సరస్సులో విమానం కూలి ఓటిస్ చనిపోయాడు. ఇరవయ్యారేళ్ళు. ఆయన వెనక వాయించే బార్-కేస్ బృందంలో నలుగురు కుర్రాళ్ళు కూడా పోయారు, ఆ విమానంలోంచి బెన్ కాలీ ఒక్కడే బతికాడు. అలల చప్పుడూ పక్షుల కూతా తర్వాత క్రాపర్ కలిపాడు. చివర్లో అనాల్సిన మాటలు తట్టక ఈల వేశాడని క్రాపరే చెప్పాడు.

తిశ్రం:
మాటలు తట్టకపోవడం కాదండీ. మొదటి టేకులో కూడా ఈల వేస్తాడు, అది బాగా రాక కంట్రోల్ రూంలోంచి వెక్కిరిస్తారు కూడా. తర్వాత బయటికొచ్చిన ఔట్‌టేకుల్లో, అంటే అప్పట్లో వాడకుండా వదిలేసిన టేకుల్లో, వినబడుతుంది. తట్టకపోతే ఒకసారి వేస్తారు, టేకు టేకుకీ వేస్తారా?

గోదారిగట్టు:
పక్కనే ఉండి వాయించినవాడి మాట కంటే మీ ఊహే గొప్పదా?

తిశ్రం:
ఏళ్ళు గడిచాక చెప్పిన మాట కంటే టేపు గొప్పది. పోనీ శారద గారినే అడుగుదాం, ఈల శ్రుతిలో ఉందా?

సరిగమ_శారద:
ఉంది. అందుకే ఆ పాట ఒక్కటీ రెండోసారి విన్నాను.

వరంగల్_వినోద్:
గిదీ ముచ్చట!

రాత్రిబస్సు:
అందరికీ థాంక్స్. ‘ఓటిస్ బ్లూ’ మోనో పెట్టుకున్నా. అందులో సామ్ కుక్ అనే ఇంకో సోల్ గాయకుడి పాటలు మూడున్నాయి, ‘చేంజ్ గాన్ కమ్’తో సహా. ఓటిస్ దాన్ని ఎలా పాడాడో చెప్పండి, మెల్లగా తెగిపోతున్న గొంతుతో పాడినట్టుంది, సామ్ కుక్ అయితే నిలబడి చెప్పినట్టుంది. నాకే అలా అనిపిస్తోందా? ఇయర్‌ఫోన్స్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రికార్డుల_రమణ:
సామ్ కుక్ 1964 డిసెంబర్‌లో చనిపోయాడు, ఓటిస్ ఏడాది తిరక్కుండానే పాడాడు. ఆయన్ని తలుచుకుంటూ పాడిందది. ఇయర్‌ఫోన్స్ కొనకండి. ఆ రెండువేలూ దాచి ఒక టర్న్‌టేబుల్ కొనండి.

వరంగల్_వినోద్:
రెండువేలకు టర్న్‌టేబుల్ ఏడొస్తదన్నా? మా ఇంట్ల ఉన్న పాతదాని బెల్టు తెగి పడి ఉన్నది. కోఠి గుజరాతీ గల్లీల దొర్కుతదంటరు, అన్ని సైజులు ఉంటయా?

డ్రమ్ముల_దాసు:
పాత బెల్టు పట్టుకెళ్ళు. మోడల్ నంబర్ చెప్తే ఏదో ఒకటి అంటగడతారు, పాట రెండు శ్రుతులు కిందికి దిగిపోద్ది.