జత చనిపోయాక మిగిలిన కుందేలు గడ్డి సరిగ్గా తినడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
ఐదేళ్లుగా కలిసి ఉన్న జతలో ఆడ కుందేలు మూడు రోజుల క్రితం కిడ్నీ జబ్బుతో చనిపోయింది. మగది (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది, బరువు 2 కిలోలు) అప్పట్నుంచి ఆడది పడుకునే మూలలోనే ముడుచుకుని ఉంటోంది. పెల్లెట్లు (గుళికల మేత) తింటోంది గానీ ఎండుగడ్డి సగం కూడా ముట్టడం లేదు. దగ్గరికెళ్తే వెనక కాళ్లతో నేలను దబదబా కొడుతోంది. ఇది దిగులా, జబ్బా? వెంటనే ఇంకో కుందేలును తేవచ్చా?

జవాబు 1:
రెండూ కావచ్చండి, చిక్కంతా అక్కడే. దిగులుతో మేత తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాస్ పట్టి కడుపునొప్పి వస్తుంది, ఆ నొప్పికి ఉన్న మేత కూడా మానేస్తుంది. పెల్లెట్లు తింటోంది కదా అని ధైర్యపడకండి. పేగును నడిపించేది గడ్డిలోని పీచే. పైగా పెల్లెట్లు తింటూ గడ్డి వదిలేయడం పంటి జబ్బుకూ గుర్తే, పళ్లు కూడా చూపించండి.

పొద్దున ట్రే ఖాళీ చేసి సాయంత్రం పెంటికలు చూడండి. గుండ్రంగా శనగగింజంత ఉండి, నలిపితే గడ్డిపొట్టులా విడిపోవాలి. చిన్నగా, నల్లగా, గట్టిగా వస్తే పేగు మందగించినట్టే. రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. 100 గ్రాములు తగ్గితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

10-12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా, పళ్లు గట్టిగా నూరుతున్నా, చెవులు చల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దు. మనుషుల నొప్పి మాత్రలు వేయొద్దు. సిరంజితో తినిపించడం పేగులో అడ్డేమీ లేదని డాక్టరు తేల్చాకే.

జవాబు 2:
అది కూర్చున్న మూలకే గడ్డి, నీళ్ల గిన్నె జరపండి. ఆకుకూరలు తడిపి పెడితే కొంత నీరు కూడా పోతుంది. మేత వేళలు, సామాన్ల చోట్లు మార్చొద్దు. ఆడది పడుకున్న గుడ్డ కొన్నాళ్లు ఉండనివ్వండి, ఆ వాసన దానికి ఊరట.

ఎత్తుకోకండి. నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగండి. వచ్చాక ముక్కు పైనుంచి నుదుటి మీదుగా చెవుల మొదలు దాకా నెమ్మదిగా నిమరండి. జత కుందేలు నాకేది అక్కడే. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉండిపోతుంది, అది ప్రశాంతత కాదు, ప్రాణభయం.

జవాబు 3:
గుడ్డ విషయంలో ఒక్క మాట. కుందేళ్లలో కిడ్నీ జబ్బుకు ఎన్‌సెఫాలిటోజూన్ క్యూనిక్యులై అనే పరాన్నజీవి కూడా ఒక కారణం, అది మూత్రం ద్వారా అంటుతుంది. ఇన్నేళ్లు కలిసి ఉన్నాయి కాబట్టి మగదానికి ఇప్పటికే సోకి ఉండొచ్చు. రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. మూత్రం అంటినవన్నీ తీసేయండి, పొడి గుడ్డ ఒక్కటి చాలు.

కొత్తదాన్ని ఇప్పుడే తేవద్దు. ముందు ఇది గడ్డి మామూలుగా తిని, బరువు నిలబడాలి. పరీక్ష ఫలితమూ రావాలి. ఆపరేషన్ అయిన ఆడ కుందేలైతే కలపడం తేలిక.

ప్రశ్న అడిగినవారు:
రేపే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. తర్వాత కలిపేటప్పుడు ఒకేసారి వదిలేయవచ్చా?

జవాబు 3:
వద్దండి, ప్రాణాల మీదికి తెచ్చుకుంటాయి. పక్కపక్క బోన్లలో పెట్టి, మధ్య మూడు అంగుళాల ఖాళీ వదలండి. లేదంటే ఊచల్లోంచి ముక్కులు కొరుక్కుంటాయి. రోజూ ట్రేలు అటూ ఇటూ మార్చండి. బోనుకు ఆనుకుని రెండూ కాళ్లు చాపి పడుకోవడం మొదలయ్యాక, రెండింటికీ కొత్తదైన చోట 10 నిమిషాలు కలపండి. మధ్యలో పెద్ద గడ్డికుప్ప వేయండి. తరమడం, వెనకనుంచి ఎక్కడం మామూలే. తల వైపు ఎక్కితే మాత్రం వెంటనే దింపండి, కింద ఉన్నది మర్మాంగాన్ని కొరికేస్తుంది. తోకలెత్తి గిరగిరా తిరుగుతూ కరుచుకుంటుంటే చేతులు పెట్టకుండా మధ్యలో అట్టముక్క దూర్చి విడదీయండి.