అంటార్కిటిక్ చేపల వంశవృక్షం: మొదటి పృష్ఠవాజం దగ్గర చిక్కుముడి

నోటోథీనియాయిడ్ చేపల (అంటార్కిటిక్ సముద్రాల్లో ఎక్కువగా ఉండే చేపల వర్గం) 14 జాతులను 22 శరీర లక్షణాలతో పోలుస్తున్నాను. బయటి గుంపుగా, అంటే మిగతావాటిని పోల్చి చూసే దూరపు బంధువుగా, బోవిక్టస్‌ను తీసుకున్నాను. అతి తక్కువ మార్పుల పద్ధతిలో వృక్షం గీస్తే జిమ్నోడ్రాకో, పారాకెనిక్తిస్, బాతిడ్రాకో అనే డ్రాగన్ చేపలు ఒకే కొమ్మ మీదకు వస్తున్నాయి. కారణం ఒక్కటే: ఈ మూడింటికీ మొదటి పృష్ఠవాజం (వీపు మీది ముందు రెక్క) లేదు. డీఎన్ఏ వృక్షాల్లో మాత్రం ఈ డ్రాగన్ చేపలు ఒకే శాఖగా నిలవవు, తెల్లరక్తపు ఐస్ చేపలు వాటి మధ్య నుంచే పుట్టుకొస్తాయి. ఆ ఐస్ చేపలకేమో మొదటి వాజం ఉంది!

ఆ లక్షణాన్ని తీసేసి చూశాను, కొమ్మలన్నీ ఒకే చోట నుంచి దువ్వెన పళ్లలా విడిపోయాయి. పోయిన అవయవం మళ్లీ రాదన్న షరతు పెట్టాను, వాజం కనీసం రెండుసార్లు విడివిడిగా పోయినట్టు వచ్చింది. హిమోగ్లోబిన్ లేకపోవడం ఐస్ చేపలను కలుపుతుందే గాని డ్రాగన్ చేపల గురించి ఏమీ చెప్పదు. గాలితిత్తి (చేప నీటిలో తేలడానికి తోడ్పడే సంచి) వీటిలో దేనికీ లేదు కాబట్టి అదీ దండగే.

నా దగ్గర ఉన్నవి భద్రపరిచిన నమూనాల ఎక్స్-రే చిత్రాలు మాత్రమే, కోసి చూసే అనుమతి లేదు.

వాజం ఒకేసారి పోయిందా, వేర్వేరుగా పోయిందా అని తేల్చడానికి ఎక్స్-రేలో ఏ ఎముకలను పోల్చాలి?