కారణాంకం చూపకుండా 'ప్రధాన సంఖ్య కాదు' అంటే ఒప్పుకోవాలా?

బేసిసంఖ్య: 2^67 నుంచి 1 తీసేస్తే 147573952589676412927. మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో లూకాస్ కాదని తేల్చాడు గానీ దేనితో భాగం పోతుందో చెప్పలేదు. అది 193707721 × 761838257287 అని 1903లో కోల్ చూపించాడు. ఈ మధ్య 27 ఏళ్లూ మన చేతిలో ఏమున్నట్టు? నా మటుకు కారణాంకం చూపిస్తేనే రుజువు.

శేషమెంత: రుజువే ఉందండీ, పూర్తి రుజువు. లూకాస్ పరీక్ష వేరు గానీ, దాని తీరు చిన్న సంఖ్య మీద చూపిస్తాను. ఒక ప్రధాన సంఖ్య తీసుకుని, దానితో భాగం పోని ఏ సంఖ్యనైనా, ఆ ప్రధాన సంఖ్యకన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి ఆ ప్రధాన సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి. ఫెర్మా చెప్పిన ఈ నియమానికి మినహాయింపు లేదు. ఇప్పుడు 91 చూడండి. 2^12 అంటే 4096, అంటే 91 × 45 + 1. కాబట్టి 2^84 కి కూడా శేషం 1. 2^90 కి ఇంకా 2^6 మిగిలింది, శేషం 64. 1 రాలేదు, 91 ప్రధానం కాదు. 7 × 13 అన్న సంగతి ఎక్కడా వాడలేదు!

కొత్తసభ్యుడు: 2 బదులు 3 తో చేశాను. 3^6 = 729 = 91 × 8 + 1. అంటే 3^90 కి శేషం 1. 91 పాసైపోయిందిగా! ఇలాంటి పరీక్షను ఎలా నమ్మడం?

శేషమెంత: 1 వస్తే ప్రధానమని ఎవరూ అనడం లేదు. రాకపోతే మాత్రం ప్రధానం కాదన్నది ఖాయం.

బేసిసంఖ్య: తర్కం ఒప్పుకుంటాను. నా పేచీ తనిఖీ దగ్గర. కోల్ చూపిన రెండు సంఖ్యలనూ కాగితం మీద ఎవరైనా గుణించుకోవచ్చు. అదే 24వ ఫెర్మా సంఖ్య, 2^(2^24) + 1 సంగతి చూడండి. 50 లక్షలకు పైగా అంకెలు. 1999లో ప్రధానం కాదన్నారు, ఒక్క కారణాంకమూ తెలియదు. లెక్క మధ్యలో యంత్రం ఒక్క అంకె తప్పినా చివర్లో ఏదో పిచ్చి శేషం వస్తుంది. అదీ 'ప్రధానం కాదు' అన్నట్టే కనిపిస్తుంది కదా?

శేషమెంత: ఈ చర్చలో అసలైన అభ్యంతరం ఇదే. అందుకే దాన్ని వేర్వేరు యంత్రాల మీద విడివిడిగా నడిపి శేషాలు పోల్చి చూశారు. రెండు చోట్లా తప్పు జరిగి కూడా అన్ని లక్షల అంకెలూ కలిసిపోతాయంటే నేను నమ్మను. 14వ ఫెర్మా సంఖ్యను 1963లో ఇలాగే కాదని తేల్చారు. దాని కారణాంకం 2010లో దొరికింది.

బేసిసంఖ్య: అయితే 20వ దానితో నేనే చూస్తాను. దానికీ కారణాంకం తెలియదు. 3 తో మొదలుపెట్టి 10,48,575 సార్లు వర్గం చేస్తూ ప్రతిసారీ శేషం తీసుకోవాలి. ప్రధానమైతే చివర్లో ఆ ఫెర్మా సంఖ్యకన్నా ఒకటి తక్కువ రావాలి (దాన్ని ఇంకోసారి వర్గం చేస్తే మీరు చెప్పిన శేషం 1 వస్తుంది). చివరి ఇరవై అంకెలు ఇక్కడ పెడతాను. మీరు వేరే ప్రోగ్రాముతో చేసి మీవి పెట్టండి, కలుస్తాయో లేదో చూద్దాం.